నీటిక్రింది బాణము: టార్పీడో పుట్టుక, పెరుగుదల

(పాఠశాల తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



ఈ సభలో బాలుర నడవడిని గురించియో, పరీక్షలను గురించియో, మాతృభాషాభ్యాసమును గురించియో ప్రసంగములు జరుగుట వాడుక. అట్టిచోట ఒక యుద్ధాయుధమును గురించి చెప్పబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. రెండు కారణములచేత మేము ఈ విషయమును ఎన్నుకొంటిమి. మొదటిది, మనము సముద్రతీరవాసులము. ఒడిశా తీరమున తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో రేవులందును, ఓడలమీదను, చేపలవేటలోను జీవనము గడపువారు కలరు. మన పిల్లలలో కొందరు రేపు నౌకాదళమున చేరవచ్చును. రెండవది, ఇట్టి శాస్త్రవిషయములను తెలుగులో చెప్పుట సాధ్యమగునా, మన పిల్లలను ఈ బడిలోనే ఉంచవచ్చునా యని తల్లిదండ్రులు పలువురు మమ్ము అడుగుచున్నారు. సాధ్యమని వాదించుటకంటె ఒక విషయమును తీసికొని చెప్పి చూపుట మేలని మేము తలచితిమి. వినిన పిమ్మట తీర్పు చెప్పవలసినవారు మీరే.

ముందుగా ఆ మాట ఎక్కడిదో చూతము. టార్పీడో యనునది లాటిన్ భాషలో ఒక చేప పేరు. తన శరీరమున విద్యుత్తు పుట్టించి, తాకినవానికి తిమ్మిరి యెక్కించు చేప యది. 19వ శతాబ్ది ఆరంభమున అమెరికా దేశీయుడగు రాబర్ట్ ఫుల్టన్ నీటిలో పేలునట్లు తాను కల్పించిన మందుపాత్రలకు ఈ పేరు పెట్టెను. ఆ కాలపు టార్పీడో కదలదు. నీటిలో లంగరువేసి యుంచగా, తనంతట తాను వచ్చి తగిలిన ఓడను ముంచును. నేడు మనము మైను అనుచున్నది అదియే. 1864వ సంవత్సరము ఆగస్టు 5వ తేదీన అమెరికా అంతర్యుద్ధములో మొబైల్ అఖాతమున టెకుమ్సే అను ఉక్కుకవచపు నౌకను ముంచినది అట్టి కదలని టార్పీడోయే.

అదే సంవత్సరము ఫిబ్రవరి 17వ తేదీ రాత్రి మరియొక ప్రయోగము జరిగినది. హన్లీ అను చిన్న జలాంతర్గామిలో ఎనిమిదిమంది కూర్చుండి, చేతులతో ఇరుసు త్రిప్పుచు నీటిక్రిందుగా పోయి, పొడవైన వాసము కొనకు కట్టిన మందుగుండును హుసటోనిక్ అను శత్రునౌకకు తాకించిరి. నౌక మునిగినది. కాని ఆ ఎనిమిదిమందియు తిరిగి రాలేదు. వారి పడవను సముద్రగర్భమునుండి పైకి తీయుటకు 2000వ సంవత్సరము వరకు పట్టినది. ఆయుధమును శత్రువు చెంతకు మనిషియే మోసికొని పోయినంత కాలము మోసినవానికిని మృత్యువు తప్పదని ఆనాడే తేలినది. ఆయుధమే తనంతట ప్రయాణము చేయవలెను. ఆ పని చేసినవాడు రాబర్ట్ వైట్‌హెడ్.

వైట్‌హెడ్ ఆంగ్లేయుడగు యంత్రకారుడు. ఆస్ట్రియా పాలనలోనుండిన ఫ్యూమె పట్టణమున, అనగా నేటి క్రొయేషియా దేశపు రియెకాలో, కర్మాగారము నడపుచుండెను. ఆస్ట్రియా నౌకాదళమున పనిచేసిన జొవాని లుప్పిస్ అనునతడు ఒడ్డుననుండి త్రాళ్ళతో నడుపదగిన మందుగుండు పడవ నొకదానిని కల్పించి ఇతనికి చూపెను. త్రాళ్ళు పనికిరావనియు, నీటిపైన పోవునది శత్రువు కంటబడుననియు గ్రహించి, వైట్‌హెడ్ 1866లో నీటిక్రిందనే పోవు ఆయుధమును తయారుచేసెను. ఉక్కు గొట్టములో గాలిని బిగించి నింపి, ఆ గాలి బలముతో వెనుకనున్న చక్రపుఱెక్కలను త్రిప్పించెను. మొదటి టార్పీడో వేగము ఆరేడు నాట్లకు మించలేదు. నాటు అనగా గంటకు 1.852 కిలోమీటర్ల వేగము. ఆరోగ్యవంతుడగు యువకుడు ఒడ్డున పరుగెత్తిన దానిని దాటిపోగలడు.

వేగముకంటె పెద్ద చిక్కు లోతు. మరీ పైకి వచ్చిన టార్పీడో అలలపై ఎగిరిపడును. మరీ లోతునకు పోయిన ఓడ అడుగునుండి దాటిపోవును. దీనికి వైట్‌హెడ్ కనిపెట్టిన ఉపాయము మన పదవ తరగతి పిల్లలకు అర్థము కానిది కాదు. నీటిలో పది మీటర్లు దిగిన కొలది ఒక వాతావరణమునకు సమానమగు ఒత్తిడి పెరుగును. కావున స్ప్రింగు ఆనించిన ఒక పలకను నీటికి తగులునట్లు అమర్చెను. టార్పీడో లోతునకు దిగినచో నీరు పలకను లోనికి నెట్టును. పలక కదలి తోకఱెక్కను పైకి త్రిప్పును. పైకి లేచినచో స్ప్రింగు పలకను వెలుపలికి నెట్టి, ఱెక్కను క్రిందికి వంచును. ఇంతమాత్రమే అయినచో టార్పీడో నిలకడలేక ఉయ్యాలవలె పైకిని క్రిందికిని ఊగుచు పోవును. అందుచేత ముక్కు ఎటు వంగుచున్నదో తెలుపుటకు ఒక లోలకమును జతచేసెను. లోతును పలక చెప్పును; వాలును లోలకము చెప్పును; ఆ రెంటిని కలిపి ఱెక్క కదలును. వైట్‌హెడ్ దీనిని రహస్యమనియే పిలిచి, కొనిన ప్రభుత్వములకు మాత్రమే తెలుపుచుండెను.

ఇక దిక్కు తప్పకుండుట. 1890-1900 మధ్యకాలమున ఆస్ట్రియా దేశీయుడగు లుడ్విగ్ ఒబ్రీ జైరోస్కోపును టార్పీడోలో ఇమిడ్చెను. జైరోస్కోపు మన పిల్లలు ఆడు బొంగరమునకు చుట్టము. వేగముగ తిరుగుచున్న బొంగరము తన ఇరుసును ఒరగనీయదు. టార్పీడో ప్రక్కకు తిరిగినను లోపలి బొంగరము తిరుగదు; ఆ రెంటికిని కలిగిన తేడాయే చుక్కానిని సరిచేయును. అటుపై గొట్టములోని గాలిని చమురుతో మండించి వేడిచేయు పద్ధతి వచ్చినది. దానితో వేగమును దూరమును ఎన్నో రెట్లు పెరిగినవి.

ఈ చిన్న యంత్రము పెద్ద రాజ్యముల లెక్కలను తారుమారు చేసినది. 1878 జనవరిలో రష్యా పడవలు బటూమ్ రేవున టర్కీ నౌకను స్వయంచలన టార్పీడోలతో ముంచెను. 1891 ఏప్రిల్ 23న చిలీ అంతర్యుద్ధములో బ్లాంకో ఎన్‌కలాడా అను ఉక్కుకవచపు యుద్ధనౌక నిమిషములలో మునిగినది. సంవత్సరములకొలది శ్రమపడి, కోట్ల ధనము వెచ్చించి కట్టిన మహానౌకను కొద్దిమంది నావికులు గల చిన్న పడవ ముంచగలదని తేలినది. అట్టి పడవలను తరిమికొట్టుటకు ఆంగ్లేయులు 1893లో హావక్ అను వేగనౌకను నీటిలోనికి దింపిరి. టార్పీడో పడవలను ధ్వంసము చేయునది గావున దానికి ఆ పేరు వచ్చినది. కాలక్రమమున ముందుమాటలు రాలిపోయి డిస్ట్రాయర్ అను మాట మాత్రమే మిగిలినది. 2021 నవంబరు 21న మన నౌకాదళమున ప్రవేశించిన ఐ.ఎన్.ఎస్. విశాఖపట్టణము ఆ జాతికి చెందినదే.

టార్పీడోకు తగిన వాహనము జలాంతర్గామి. 1914 సెప్టెంబరు 22 ఉదయమున జర్మనుల యు-9 అను జలాంతర్గామి ఉత్తరసముద్రమున అబూకిర్, హోగ్, క్రెస్సీ అను మూడు బ్రిటిష్ క్రూయిజర్లను గంటన్నర వ్యవధిలో ముంచెను. 1,400 మందికి పైగా నావికులు మరణించిరి. మొదటి నౌకకు మైను తగిలినదని తలచి తక్కిన రెండును రక్షింప దగ్గరకు వచ్చి ఆగెను. ఆగుటయే వానికి ముప్పు తెచ్చినది.

యోధులతోనే ఈ కథ ముగిసినచో బాగుండెడిది. 1915 మే 7న లూసిటానియా అను ప్రయాణికుల ఓడ టార్పీడో తగిలిన 18 నిమిషములలో మునుగగా, ఇంచుమించు 1,200 మంది ప్రాణములు పోయినవి. మనకు మరింత దగ్గరి ఉదాహరణము కలదు. 1942 నవంబరు 23న బొంబాయినుండి తూర్పు ఆఫ్రికాకు పోవుచున్న తిలావా అను ఓడను జపాను జలాంతర్గామి ఐ-29 హిందూ మహాసముద్రమున ముంచెను. బ్రతుకుతెరువునకై కడలి దాటుచున్న భారతీయులు దానిలో అనేకులు. 280 మంది చనిపోయిరి. పరదేశమునకు పని వెదకుకొని పోవుట మన కుటుంబములకు క్రొత్తగాదు గనుక, ఆ ఓడ పేరు మన పిల్లలకు తెలిసియుండుట న్యాయము.

రెండవ ప్రపంచయుద్ధమున టార్పీడో విమానము లెక్కినది. 1940 నవంబరు 11 రాత్రి ఆంగ్లేయుల 21 పాత విమానములు ఇటలీలోని టరాంటో రేవుపై దాడిచేసి మూడు యుద్ధనౌకలను పనికిరాకుండ చేసెను. విమానమునుండి జారవిడిచిన టార్పీడో ముందు లోతునకు మునిగి, పిమ్మట పైకి వచ్చును. లోతు తక్కువగు రేవులో అది బురదలో గ్రుచ్చుకొనును. జపానువారు కొయ్యఱెక్కలు తగిలించి ఆ చిక్కును తీర్చుకొనిరి. 1941 డిసెంబరు 7న పెరల్ హార్బరునందు దాని ఫలము కనబడినది. జపానువారి 93వ నమూనా టార్పీడో గాలికి బదులు ఆక్సిజన్ వాడినది. నత్రజని బుడగలు లేకపోవుటచేత నీటిపై జాడ ఇంచుమించు కనబడదు. 20 కిలోమీటర్లకు మించిన దూరమును అతివేగముతో పోగలదు. కాని అదే ఆక్సిజన్ ఇంటిదొంగ కూడ అయినది. 1942 జూనులో మిడ్‌వే యుద్ధమున మికుమా అను జపాను క్రూయిజరు బాంబుల వలన అంటుకొనగా, దానిలోని టార్పీడోలే పేలి దానిని నాశనము చేసినవి.

ఇప్పుడు మేము ముఖ్యముగ చెప్పదలచిన వృత్తాంతమునకు వచ్చుచున్నాము. అమెరికా నౌకాదళము యుద్ధారంభమున వాడినది మార్క్ 14 అను టార్పీడో. ఒక్కొక్కటి సుమారు పదివేల డాలర్ల వెల. అంత వెలగల వస్తువును పరీక్షలో పేల్చి పాడుచేయుట దుబారా యని శాంతికాలమున తలచిరి. దాని అయస్కాంతపు పేలుడు సాధనమును నిజముగ పేల్చి చూచినది 1926లో రెండే రెండుసార్లు. అందును ఒకసారి తప్పినది. యుద్ధము వచ్చినది. జలాంతర్గాముల నాయకులు గురిచూచి విడిచిన టార్పీడోలు ఓడలను తాకకుండనే పోవుచుండెను. కొన్ని దారిలోనే పేలుచుండెను. కొన్ని టంగున తగిలి ఊరకుండెను. నాయకులు ఫిర్యాదు వ్రాసిరి. ఆయుధశాఖవారు, టార్పీడో మంచిదే, మీ గురియే తప్పు అనిరి.

1942 జూనులో అడ్మిరల్ లాక్‌వుడ్ ఆస్ట్రేలియాలోని ఆల్బనీ దగ్గర ఒక చేపలవలను తెప్పించి నీటిలో నిలువుగ కట్టించెను. దాని మీదికి టార్పీడోలను విడిచి, వలలో పడిన చిల్లులను కొలిపించెను. అమర్చిన లోతుకంటె సగటున 11 అడుగులు క్రిందుగా పోవుచున్నవని తేలినది. వలకు అబద్ధము చెప్పుట రాదు. ఆయుధశాఖ మొదట ఒప్పుకొనలేదు. తామును పరీక్షించి ఆగస్టులో ఒప్పుకొనినది. లోతు సరిచేసిరి, అప్పుడు అయస్కాంత సాధనము చెడ్డదని బయటపడినది. 1943 జూనులో దానిని పసిఫిక్ దళమున మాన్పించిరి. అప్పుడు తాకిడిచే పేలు సాధనమును చెడ్డదని బయటపడినది. ఒక తప్పు వెనుక మరియొకటి దాగియుండెను.

1943 జూలై 24న టినోసా అను జలాంతర్గామి జపానువారి పెద్ద ఓడనొకదానిని కదలకుండ నిలిపి, నిదానముగ సరిగా నడుమకు గురిచూచి ఒకటి వెనుక ఒకటిగా టార్పీడోలను విడిచెను. తగిలినవి, పేలలేదు. నాయకుడు చివరి టార్పీడోను విడువక పరీక్షకై వెంట తీసికొని వచ్చెను. హవాయిలో కొండచరియకు టార్పీడోలను కొట్టించియు, పేలుడుమందు తీసిన తలలను 90 అడుగుల ఎత్తునుండి ఉక్కుపలకపై పడవేయించియు చూచిరి. సూటిగా తగిలినప్పుడు తాకిడి బలమునకు లోపలి సూది పట్టుకొనిపోయి, పేలుడు గుళికను గట్టిగా కొట్టలేకపోవుచున్నది. ఏటవాలుగా తగిలినప్పుడు చాలవరకు పేలుచున్నది. అనగా గురి ఎంత చక్కనైనచో అంత వ్యర్థము. ఆ సూదిని తేలిక లోహముతో చేయించగా 1943 సెప్టెంబరు నాటికి తప్పు తీరినది. యుద్ధములో దిగిన పిమ్మట 21 నెలలు గడచినవి. ఆ నెలలలో పనిచేయని ఆయుధముతో శత్రువు దగ్గరకు పోయినవారెందరో మీరే ఊహింపుడు.

యుద్ధములో గెలిచిన ఓడిన పక్షములను కాసేపు మరచి ఈ వృత్తాంతమును చూడుడు. పుస్తకములో వ్రాసిన లోతు ఒకటి, వలలో పడిన చిల్లు మరియొకటి. పదవిలోనున్నవారు పుస్తకమును నమ్మిరి. సముద్రముమీద నున్నవారు చిల్లును చూచిరి. మన పిల్లవాడు ప్రయోగశాలలో కొలిచిన లెక్క పుస్తకపు లెక్కకు సరిపోలేదని చెప్పినప్పుడు, నీవే తప్పుచేసితివని వెంటనే గద్దింపక, మరల కొలిచి చూతము రమ్మని చెప్పు గురువును, తల్లియు, తండ్రియు ఆ బిడ్డకు గొప్ప మేలు చేసినవారగుదురు.

1943లోనే టార్పీడోకు చెవులు వచ్చినవి. ఓడ చక్రపుఱెక్కల చప్పుడును విని దానివైపే తిరుగు టార్పీడోలను జర్మనులును అమెరికావారును ఆ సంవత్సరముననే వాడిరి. నీటిలో ధ్వని సెకండునకు సుమారు 1,500 మీటర్లు పోవును. గాలిలోకంటె నాలుగు రెట్లకు పైగా వేగము. చెవులుగల ఆయుధమును మోసపుచ్చుటకు ఓడలు తమ వెనుక చప్పుడుచేయు సాధనములను లాగికొని పోసాగెను. తరువాత కొన్ని టార్పీడోలకు సన్నని తీగ కట్టి, జలాంతర్గామినుండియే దారి చెప్పు పద్ధతి బలపడినది. నేటి భారీ టార్పీడో ఓడను ప్రక్కనుండి పొడుచుటకంటె దాని అడుగున పేలుటనే కోరును. పేలుడున పుట్టిన వాయువుల బుడగ ఓడ నడుమును పైకెత్తును. బుడగ కుదించుకొనగా అడుగున ఆధారము తప్పి ఓడ తన బరువుచేతనే నడుము విరిగి రెండగును.

1971 డిసెంబరు 9 రాత్రి దీవు సమీపమున పాకిస్తాను జలాంతర్గామి హంగోరు మన ఖుక్రీ నౌకను టార్పీడోతో ముంచెను. 18 మంది అధికారులును 176 మంది నావికులును అమరులైరి. నౌకాధిపతి కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన నౌకను విడువక దానితోనే మునిగెను. ఆయనకు మరణానంతరము మహావీరచక్రము లభించినది. దీవులో వారి స్మారకము కలదు. 1982 మే 2న జనరల్ బెల్‌గ్రానో అను అర్జెంటీనా నౌక మునుగగా 323 మంది చనిపోయిరి. 2000 ఆగస్టు 12న కూర్స్క్ అను రష్యా జలాంతర్గామిలో శత్రువెవ్వడును లేకయే, ఒక టార్పీడోలోని హైడ్రోజన్ పెరాక్సైడు కారి పేలుటచేత 118 మందియు మరణించిరి. నిర్లక్ష్యమును ఈ ఆయుధము ఎవరిదైనను క్షమింపదు.

మన దేశమున ఈ విద్యకు ముఖ్యస్థానము విశాఖపట్టణము. అచ్చటి నౌకా శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల 1969లో ఏర్పడినది. వరుణాస్త్రమను భారీ టార్పీడోను అచ్చటనే రూపొందించిరి; హైదరాబాదు కేంద్రముగాగల భారత్ డైనమిక్స్ సంస్థ దానిని తయారుచేయుచున్నది. 2016 జూనులో అది నౌకాదళమునకు అప్పగింపబడినది. బరువు సుమారు ఒకటిన్నర టన్ను. వేగము 40 నాట్లు. మన ఒడిశా తీరముననే అబ్దుల్ కలాం దీవినుండి స్మార్ట్ అను సాధనమును 2020 అక్టోబరు 5న పరీక్షించిరి. క్షిపణి యొకటి తేలికటార్పీడోను మోసికొని దూరముగ పోయి, గొడుగుసాయమున దానిని నీటిలో దింపును. ఆపై టార్పీడో తన వేటను తాను చేసికొనును. 2024 మే 1న మరల పరీక్షించిరి.

ఈ పరీక్షలకు మన బంగాళాఖాతము సులభమగు చోటు కాదు. గంగ, మహానది, గోదావరి, కృష్ణ మున్నగు నదులు మోసికొనివచ్చు మంచినీరు పైపొరగా నిలుచును. పైన ఉప్పు తక్కువ, క్రింద ఎక్కువ. వేడిమియు పొరపొరకు మారును. ధ్వని ఈ పొరలలో వంగిపోవును. పరదేశపు సముద్రములో చక్కగా వినిన చెవి ఇచ్చట పొరబడవచ్చును. కాబట్టి మన సముద్రమును మనమే కొలువవలెను, మన మనుష్యులే కొలువవలెను. ఏ పొరలో వల వేసిన చేప పడునో ఎరిగిన మన బెస్తవారి పిల్లలు ఆ శాస్త్రమునకు పరాయివారు కారు.

మహాజనులారా, ఇంతవరకు ఒత్తిడి, లోలకము, జైరోస్కోపు, ఆక్సిజన్, ధ్వనివేగము అను అంశములు మన ప్రసంగమున వచ్చినవి. కొన్ని మాటలు సంస్కృతమునుండియు, కొన్ని ఆంగ్లమునుండియు తీసికొంటిమి. బొంగరము, వల, గొడుగు మన ఇంటివే. అర్థము కాలేదని ఎవరైనను లేచి చెప్పినచో ఆ లోపము మాది, తెలుగుది కాదు. పిల్లవాడు ఆంగ్లమును, ఒడియాను, హిందీని చక్కగా నేర్వవలసినదే. అవి లేక ఉద్యోగము లేదు. కాని యంత్రము ఎట్లు పనిచేయునో మొదట అర్థము చేసికొనుటకు ఇంట అమ్మతో మాటలాడు భాష అడ్డము కాదనియే మా అనుభవము.

ఒక్క మనవితో ముగింతుము. ఈ ఆయుధము మీద పిల్లలకు మోజు కలుగును, కలుగుట సహజము. వారు దాని వేగమును, దూరమును చెప్పునప్పుడు తిలావాలోని 280 మందిని, ఖుక్రీలోని 194 మందిని కూడ చెప్పుడు. యంత్రమును నేర్చినవానికి దాని దెబ్బ ఎవరికి తగులునో తెలిసియుండవలెను. రేపు ఆ పిల్లలలో ఒకడు ప్రయోగశాలలో కూర్చుండి, ఇది సరిగా పనిచేయుటలేదని తన పై అధికారికి చెప్పవలసిన దినము రావచ్చును. ఆ మాట చెప్పు ధైర్యము ఆనాడు పుట్టునది కాదు. మన ఇండ్లలోను, ఈ బడిలోను నేడే అలవడవలెను.